ఎవరి ఓటు ఎటు? అమెరికా అధ్యక్ష ఎన్నికలపై పాఠకుల ప్రశ్నలు

2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఈసారి ఒడిశా సరిహద్దు జిల్లాలైన గంజాం, గజపతి, రాయగడల నుంచి వచ్చాయి. పిల్లలు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ వైపు తక్కువేమీ కావు. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకుని సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: నల్లజాతివారు ఇటు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలవారు) అటు, చదువుకున్నవారు మరోవైపు అంటూ టీవీలో శాతాలతో సహా చెబుతారు. ఒక చానల్ అంకె మరో చానల్ అంకెతో కలవదు. అక్కడా ఓటు రహస్యమే కదా, ఈ లెక్కలన్నీ ఎక్కడివి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం)

సమాధానం: ఓటు ఎవరికి వేశారన్నది అక్కడా రహస్యమే, వేశారా లేదా అన్నది మాత్రం రహస్యం కాదు. ఏ ఓటరు ఏయే ఎన్నికలలో పాల్గొన్నాడో తెలిపే జాబితాలు పార్టీలకు, పరిశోధకులకు దొరుకుతాయి. జార్జియా, నార్త్ కరోలినా, ఫ్లోరిడా వంటి దక్షిణాది రాష్ట్రాలలోనైతే ఓటరు నమోదు పత్రంలోనే జాతి వివరం అడుగుతారు. కనుక ఏ వర్గంలో ఎందరు ఓటు వేయడానికి వచ్చారన్నది కొంతవరకు లెక్కకు అందే విషయమే. ఎవరికి వేశారన్నది మాత్రం ఓటరును అడిగి తెలుసుకోవలసిందే.

అడగడంలో రెండు పద్ధతులున్నాయి. పోలింగ్ కేంద్రం నుంచి బయటికి వస్తున్నవారి చేత చిన్న పత్రం నింపించి, ముందుగానో తపాలా ద్వారానో ఓటు వేసినవారిని విడిగా పలకరించి వేసే లెక్క ఎగ్జిట్ పోల్. ఆ రాత్రి టీవీలో కనిపించేది ఇదే. అసలు ఫలితాలు వస్తున్నకొద్దీ ఈ అంకెలను వాటికి సరిపెట్టి సవరిస్తారు గనుక రాత్రి విన్న శాతం మరునాటికి మారిపోతుంది. 2004లో పోలింగ్ రోజు మధ్యాహ్నం బయటికి పొక్కిన అంకెలు జాన్ కెర్రీ గెలుస్తున్నట్టు చూపాయి. గెలిచింది జార్జి బుష్. రెండవది ప్యూ రీసెర్చ్ సెంటర్ వంటి సంస్థలు చేసే నిదానపు పని. వారు తమ సర్వేలలో ఏళ్ల తరబడి పాల్గొంటున్న మనుషుల పేర్లను ఓటర్ల జాబితాలతో పోల్చి, నిజంగా ఓటు వేసినట్టు తేలినవారి మాటనే లెక్కలోకి తీసుకుంటారు. 2024 ఎన్నికలపై ఆ సంస్థ నివేదిక 2025 జూన్‌లో గాని రాలేదు. మీరు విన్న అంకెలు పొసగకపోవడానికి కారణం ఇదే. కింది సమాధానాలలో వేరేగా చెప్పనిచోట 2020, 2024 నాటి వర్గాల శాతాలు ప్యూ లెక్కలోవి.

మన ప్రాంతంలో బూత్ ఏజెంట్లు వేసే లెక్క మరొకటుంది. పోలింగ్ నాడు జాబితాలో పేర్ల పక్కన గీతలు పెట్టుకుంటూ ఏ వీధి నుంచి ఎందరు వచ్చారో రాసుకుంటారు. లెక్కింపు అయ్యాక బూత్‌లవారీ ఫలితాలు చూపే ఫారం 20లో ఆ బూత్ అంకెలు చూసి, తెలుగు ఓట్లన్నీ మనకే పడ్డాయనో, మనకు చెయ్యిచ్చాయనో తేల్చేస్తారు. ఒక బూత్‌లో 1,000 ఓట్లు పోలయ్యాయని, వాటిలో 600 తెలుగు ఇళ్లవని, 400 ఒడియా ఇళ్లవని అనుకుందాం. ఒక పార్టీకి 550 వచ్చాయి. ఒడియావారంతా ఆ పార్టీకే వేసి ఉంటే తెలుగువారి నుంచి వచ్చినవి 150. ఒడియా ఇళ్ల నుంచి ఒక్కటీ పడకపోతే మొత్తం 550 తెలుగు ఓట్లే. తెలుగువారిలో నూటికి 25 మంది వేశారా, దాదాపు 92 మంది వేశారా అన్నది ఆ కాగితం చెప్పదు. బూత్ పరిధిలో దాదాపు అందరూ ఒకే వర్గంవారైతే తప్ప ఈ పద్ధతి నమ్మదగినది కాదు. అమెరికాలో కౌంటీల (మన జిల్లాల వంటివి) ఫలితాలు చూసి వర్గాల గురించి రాసేవారు కూడా తరచుగా ఈ పొరపాటే చేస్తారు.

ప్రశ్న: 2024లో ట్రంప్‌ను గెలిపించింది లాటినో మగవారని ఒకరు, కుర్రకారని ఒకరు, మిచిగాన్‌లోని అరబ్బులని మరొకరు రాశారు. ఇంతకూ గెలిపించింది ఎవరు? (వ్యాపారి, రాయగడ)

సమాధానం: హోరాహోరీ పోరులో ఈ ప్రశ్నకు ఏ వర్గం పేరు చెప్పినా తప్పనిపించదు, చిక్కంతా అక్కడే ఉంది. 2000లో దేశాధ్యక్షుణ్ణి తేల్చిన ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు. అంత తక్కువ తేడా ఉన్నచోట ఏ చర్చివారైనా, ఏ వృద్ధాశ్రమంవారైనా మా వల్లే గెలిచారని చెప్పుకుంటే కాదనడానికి ఆధారం ఉండదు. 2016లో పెన్సిల్వేనియా, విస్కాన్సిన్, మిచిగాన్ రాష్ట్రాలలో కలిపి ట్రంప్ ఆధిక్యం 78 వేల లోపే. 2020లో అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి బైడెన్ ఆధిక్యం 43 వేల లోపు. ఆ మూడూ చేజారి ఉంటే ఇద్దరికీ చెరి 269 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకొనే రాష్ట్రాల ఎలక్టర్ల ఓట్లు) వచ్చి ఎన్నిక ప్రతినిధుల సభకు వెళ్లేది. 2024లో దేశమంతటా రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్‌కు 49.8 శాతం, డెమొక్రాట్ అభ్యర్థి హారిస్‌కు 48.3 శాతం రాగా, 2016 నాటి ఆ మూడు రాష్ట్రాలలో తేడా మొత్తం 2.30 లక్షలు.

కనుక ఒక వర్గంలో ఎవరికి ఎంత శాతం వచ్చిందన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. ఆ వర్గం ఏ రాష్ట్రంలో ఎంత ఉంది, వారిలో ఎందరు ఓటు వేయడానికి వచ్చారు, గతసారి కంటే ఎందరు అటునుంచి ఇటు మారారు అన్నవి కలిపి చూడాలి. పెన్సిల్వేనియాలో 2024లో పోలైన ఓట్లు సుమారు 70 లక్షలు. ఓటర్లలో నూటికి ఆరుగురు ఉన్న వర్గం ఒకటి ఉందనుకుంటే ఆ ఓట్లు 4.2 లక్షలు. వారిలో నూటికి ఐదుగురు ఒక పార్టీని విడిచి రెండవదానికి వేస్తే మారినవారు 21 వేల మందే గాని, ఇక్కడ తగ్గినది అక్కడ పెరుగుతుంది గనుక తేడాలో వచ్చే మార్పు 42 వేలు. అదే 21 వేల మంది ఇంట్లోనే ఉండిపోతే తేడా 21 వేలే మారుతుంది. ఆ రాష్ట్రంలో తేడా 2016లో 44,292 ఓట్లు, 2024లో 1.20 లక్షలు. అంటే సరిగ్గా ఇంతే మార్పు మొదటి ఎన్నికలో ఫలితాన్ని అంచుదాకా తెచ్చి ఉండేది, రెండవ ఎన్నికలో గెలిచినవారి ఆధిక్యాన్ని కొంత తగ్గించడం తప్ప మరేమీ చేసి ఉండేది కాదు.

అరబ్బుల విషయమే చూడండి. మిచిగాన్‌లోని డియర్‌బోర్న్ నగరంలో అరబ్ మూలాలవారే ఎక్కువ. 2020లో బైడెన్‌కు భారీ ఆధిక్యం ఇచ్చిన ఆ నగరం, గాజా యుద్ధంపై ఆగ్రహంతో 2024లో చీలిపోయి ట్రంప్‌ను ముందు నిలిపింది. గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌కూ గణనీయంగా ఓట్లు పడ్డాయి. మార్పు నిజం, పెద్దది కూడా. కానీ ఆ నగర జనాభా పిల్లా పెద్దా కలిపి 1.1 లక్షలు కాగా, మిచిగాన్‌లో తేడా 80 వేలు. ఆ నగరం మొత్తం హారిస్ వెంటే ఉండిపోయినా ఆ రాష్ట్రం ఆమెకు దక్కేది కాదు. టెక్సాస్ సరిహద్దులోని స్టార్ కౌంటీ సంగతీ అంతే. దాదాపు అందరూ లాటినోలే అయిన ఆ కౌంటీ వందేళ్లకు పైగా డెమొక్రాట్ల వెంట నడిచి 2024లో రిపబ్లికన్ల వైపు తిరిగింది. పత్రికలకు అది మంచి వార్తే గాని, టెక్సాస్ అంతకుముందే ట్రంప్ చేతిలో ఉంది. దేశం మొత్తం మీద లాటినోల మార్పు మాత్రం చిన్నది కాదు: 2020లో వారిలో నూటికి 36 మంది ట్రంప్‌కు వేయగా 2024లో 48 మంది వేశారు.

వర్గాల మాట ఎత్తినవారు తరచు మరచిపోయేది గైర్హాజరైనవారిని. 2020లో ట్రంప్‌కు వేసినవారిలో నూటికి 89 మంది 2024లో మళ్లీ ఓటు వేయడానికి రాగా, బైడెన్‌కు వేసినవారిలో 85 మందే వచ్చారు. కోట్ల ఓట్లలో నాలుగు శాతం తక్కువ సంఖ్య కాదు.

ఒక్క గీత గీసి ఓటర్లను విడదీయమంటే నేను జాతికంటే ముందు చదువు దగ్గర గీస్తాను. 2024లో నాలుగేళ్ల కళాశాల పట్టా ఉన్నవారిలో నూటికి 57 మంది హారిస్‌కు, పట్టా లేనివారిలో 56 మంది ట్రంప్‌కు వేశారు. ఇది పాతకాలపు గీత కాదు. 2012లో సైతం ఎగ్జిట్ పోల్ ప్రకారం పట్టా ఉన్న శ్వేతజాతీయులలో పైచేయి రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రోమ్నీదే. అమెరికా ఓటర్లలో పట్టా లేనివారే ఎక్కువ గనుక ఈ గీతకు ఇరువైపులా శాతాలు సమానంగా కనిపించినా ఓట్లు సమానం కావు.

ప్రశ్న: నల్లజాతివారు నూటికి ఎనభై, తొంభై మంది ఒకే పార్టీకి వేస్తారట. మన దగ్గర ఏ కులమూ అంత గంపగుత్తగా వేయదు. అక్కడ ఎందుకలా? (డిగ్రీ విద్యార్థి, గుణుపురం)

సమాధానం: ఎప్పుడూ అలా లేదు. బానిసత్వాన్ని రద్దుచేసిన లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ గనుక ఓటు దక్కిన నల్లజాతివారు చాలాకాలం ఆ పార్టీకే వేశారు; దక్షిణాదిలో వారికి ఓటు లేకుండా చేసినవారు డెమొక్రాట్లు. 1930లలో రూజ్‌వెల్ట్ ఉపాధి పథకాల వల్ల ఉత్తరాది నగరాలలో వారి మొగ్గు మారసాగింది. అయినా 1960లో కూడా వారిలో మూడోవంతు మంది రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కు వేశారు.

ఆ 1960 ఎన్నికను కొంచెం దగ్గరగా చూడాలి. అక్టోబరులో అట్లాంటాలోని ఒక దుకాణంలో వర్ణవివక్షకు వ్యతిరేకంగా నిరసనకు కూర్చున్న మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. తక్కినవారిని విడిచిపెట్టినా, పాత డ్రైవింగ్ లైసెన్సు కేసును అడ్డుపెట్టుకుని ఆయనను మాత్రం రీడ్స్‌విల్ జైలుకు పంపారు. గర్భవతిగా ఉన్న కింగ్ భార్య కొరెట్టాకు డెమొక్రాట్ అభ్యర్థి కెన్నెడీ ఫోను చేసి ధైర్యం చెప్పారు. కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ న్యాయమూర్తితో మాట్లాడారు. కింగ్ బెయిలుపై విడుదలయ్యారు. నిక్సన్ నోరు మెదపలేదు. అంతవరకు నిక్సన్ పక్షాన ఉన్న కింగ్ తండ్రి తన మద్దతును కెన్నెడీకి ప్రకటించారు. పోలింగ్‌కు ముందు ఆదివారం ఈ సంగతి ముద్రించిన నీలిరంగు కరపత్రాలు నల్లజాతివారి చర్చిల వద్ద పంచారు. సుమారు 6.9 కోట్ల ఓట్లు పోలైన ఆ ఎన్నికలో దేశమంతటా తేడా 1.12 లక్షల ఓట్లు, ఇల్లినాయిలో 8,858 మాత్రమే.

ఒక్క ఫోనుతో కెన్నెడీ గెలిచారన్న కథ అలా పుట్టింది. అదే ఎన్నికలో కేథలిక్కులలో నూటికి 78 మంది తమ మతంవాడైన కెన్నెడీకి వేసినట్టు గ్యాలప్ లెక్క. ఇల్లినాయిలోని షికాగోలో డెమొక్రాట్ మేయర్ డేలీ పార్టీ యంత్రాంగం సంగతి సరేసరి. గెలుపును వీరిలో ఎవరి ఖాతాలోనైనా వేయవచ్చు. నల్లజాతి ఓటును స్థిరపరచింది అసలు 1964 పౌరహక్కుల చట్టం. డెమొక్రాట్ అయిన జాన్సన్ దానిపై సంతకం చేయగా, రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ సెనేట్‌లో దానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. 1965 ఓటుహక్కు చట్టానికి ముందు మిసిసిపీలో ఓటరుగా నమోదైన నల్లజాతివారు నూటికి ఏడుగురైనా లేరు. 1967 నాటికి సుమారు 60 మంది అయ్యారు. ఇది బతికున్నవారి జ్ఞాపకంలో ఉన్న చరిత్ర. మన వైపు ఏ పార్టీకీ ఏ కులంతోనూ ఇటువంటి అనుభవం లేదు గనుకనే మీరన్న గంపగుత్త ఇక్కడ కనిపించదు. ఆ జ్ఞాపకం తరం మారేకొద్దీ పలచబడుతోంది: 2020లో నూటికి 92 మంది డెమొక్రాట్లకు వేయగా 2024లో 83 మంది వేశారు.

ప్రశ్న: 2016లో హిల్లరీ, 2024లో కమల పోటీచేసినా ఇద్దరూ ఓడిపోయారు. ఆడవారు ఆడవారికి ఓటు వేయరా? (గృహిణి, పర్లాకిమిడి)

సమాధానం: వేశారమ్మా, అయితే ఆడవారన్న కారణం చేతనే వేశారని చెప్పడానికి లేదు. 1980 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ మగవారికంటే ఆడవారే ఎక్కువ శాతం ఓటు వేస్తున్నారు, వారి మొగ్గు డెమొక్రాట్ల వైపు కొంత ఎక్కువగానే ఉంటోంది. 2024లో మహిళలలో నూటికి 53 మంది హారిస్‌కు వేశారు. కానీ 2020లో బైడెన్‌కు 55 మంది వేశారు. శ్వేతజాతి మహిళలను మాత్రమే చూస్తే 2016, 2020, 2024 మూడింటిలోనూ ఎక్కువమంది ట్రంప్‌కే వేసినట్టు ఎగ్జిట్ పోల్స్ చూపాయి. స్త్రీలు ఒక వర్గమే గాని జాతి, చదువు, మతం, పెళ్లి అన్నవి ఆ వర్గాన్ని లోపల నాలుగు ముక్కలు చేస్తాయి.

ఇంకొకటి. గర్భస్రావ హక్కు వల్ల మహిళల ఓట్లన్నీ హారిస్‌కే పడతాయని చాలామంది జోస్యం చెప్పారు. అరిజోనా, నెవాడా, మిజోరి రాష్ట్రాల ఓటర్లు ఆ హక్కుకు అనుకూలంగా తీర్మానం నెగ్గించి, అదే రోజు ట్రంప్‌నూ గెలిపించారు. మీకిది వింతగా తోచనక్కరలేదు. 2024లో ఒడిశా ఓటర్లు ఒకే బూత్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు ఓటు వేశారు. అప్పటి అధికారపక్షం బీజేడీకి అసెంబ్లీలో 40 శాతం, లోక్‌సభలో 37 శాతం చిల్లర వచ్చాయి. మిషన్ శక్తి మహిళా స్వయం సహాయక సంఘాల ఓట్లు ఎటూ పోవని ఆ పార్టీ పెట్టుకున్న నమ్మకం ఏమైందో మీ జిల్లాలో మీరే చూశారు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి, అల్లుడుగారు ఫిలడెల్ఫియా దగ్గర ఉంటారు. ముగ్గురూ పౌరసత్వం తీసుకున్నారు. తన ఓటుకు విలువ లేదని, చెల్లెలి ఓటుకే విలువని అబ్బాయి అంటాడు. నిజమేనా? మన తెలుగువాళ్లు ఎవరికి వేస్తున్నారు? (పాఠకురాలు, ఛత్రపురం)

సమాధానం: మీ అబ్బాయి అన్నది చాలావరకు నిజం. అధ్యక్షుణ్ణి ఎన్నుకొనేది 538 మంది ఎలక్టర్లు. 270 వచ్చినవారు గెలుస్తారు. మెయిన్, నెబ్రాస్కా తప్ప ప్రతి రాష్ట్రమూ తన ఎలక్టర్లందరినీ అక్కడ గెలిచినవారికే ఇచ్చేస్తుంది. 2024లో టెక్సాస్‌లో తేడా 13 శాతానికి పైగా, పెన్సిల్వేనియాలో 2 శాతం లోపు. అందుకే అభ్యర్థులు మీ అమ్మాయిగారి ఊళ్లో తిరిగినంతగా డల్లాస్‌లో తిరగరు. దేశమంతటా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న అల్ గోర్ 2000లో, 28 లక్షలకు పైగా ఆధిక్యం తెచ్చుకున్న హిల్లరీ 2016లో ఓడిపోయింది ఈ పద్ధతి వల్లే. ఒడిశావారికి ఇది కొత్త కాదు: 2024 అసెంబ్లీ ఎన్నికలలో బీజేడీకి 40.22 శాతం, బీజేపీకి 40.07 శాతం ఓట్లు రాగా, సీట్లు మాత్రం 51, 78 వచ్చాయి.

తెలుగువారి ఓటు విడిగా తేలాలంటే సర్వేలు ఇప్పటికంటే చాలా పెద్దవి కావాలి. కొన్ని వందల మంది భారత సంతతివారిని అడిగి, వారిలో తెలుగువారిని మళ్లీ విడదీస్తే మిగిలే సంఖ్య మీద శాతాలు కట్టడం కుదరదు. భారత సంతతివారి గురించి కార్నెగీ సంస్థ చేసిన సర్వేల ప్రకారం 2020లో బైడెన్ వైపు నూటికి 70 మందికి పైగా, 2024లో హారిస్ వైపు 60 మంది చిల్లర ఉన్నారు. ట్రంప్ వైపు పెరిగినవారిలో నలభై ఏళ్లలోపు మగవారు ముఖ్యులు. ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి వాన్స్ తెలుగింటి ఆడపడుచు కావడం, కమల తల్లి తమిళులు కావడం మన పత్రికలకు పతాక శీర్షికలు ఇచ్చాయి గాని, ధరలు, వలస విధానం, ఉద్యోగాలకు మించి అవి అక్కడి మనవారిని కదిలించాయనుకోను.

ప్రశ్న: 1969లో మా బరంపురం బిడ్డ వి.వి. గిరి గారు రాష్ట్రపతి అయినప్పుడు కూడా పోటీ హోరాహోరీగా సాగిందట. అప్పుడు ప్రాంతం, భాష పనిచేశాయా? (న్యాయవాది, బరంపురం)

సమాధానం: భాష పనిచేయడానికి వీలే లేదు, ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువారే. 1894లో బరంపురంలో పుట్టిన గిరి గారు స్వతంత్ర అభ్యర్థి, అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఓటర్లు ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే; ఒక్కొక్కరి ఓటుకు నిర్ణీత విలువ ఉంటుంది. ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమని ఇందిరా గాంధీ పిలుపునివ్వడంతో కాంగ్రెస్ నిలువునా చీలింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, మరో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ గారికి 1,12,769 విలువ వచ్చింది. ఎవరికీ సగం దాటలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి గారు 4,20,077, సంజీవరెడ్డి గారు 4,05,427 దగ్గర నిలిచారు. దేశ్‌ముఖ్ గారిని బలపరచినవారి రెండవ ఓట్లలో అత్యధిక భాగం సంజీవరెడ్డి గారికి పోయినా చాలలేదు. అక్కడ పనిచేసినవి ముఠాలు, సిద్ధాంతాలు, పార్టీల మధ్య కుదిరిన అవగాహనలు. వర్గాల శాతాలు కట్టే అమెరికా పద్ధతికి అందులో చోటు లేదు.

ప్రశ్న: గ్రీన్‌కార్డు ఉన్నవారు అధ్యక్ష ఎన్నికలలో ఓటు వేయవచ్చా? (పాఠకుడు, జయపురం)

సమాధానం: వేయకూడదు. హెచ్1బీ వీసావారైనా, గ్రీన్‌కార్డువారైనా పౌరసత్వం వచ్చేదాకా ఆ ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో ఓటరు నమోదు పత్రం కూడా చేతికిస్తుంటారు గనుక తెలియక సంతకం చేసేవారున్నారు. అలా నమోదై ఓటు వేస్తే అది నేరం. పౌరసత్వ దరఖాస్తు తిరస్కరించడమే కాక దేశం నుంచి పంపివేసే అవకాశం కూడా ఉంది. మీవారికి ఆ పత్రంలో పౌరులా అన్న ప్రశ్న దగ్గర ఆగి చదవమని చెప్పండి.